‘ఏమీ లేదు’ అన్న చోట

హైటెక్ సిటీ పుట్టుక గురించి ఎవరు చెప్పినా కథ దాదాపు ఒకే మాటతో మొదలవుతుంది: అప్పట్లో ఇక్కడ ఏమీ లేదు, అన్నీ రాళ్లూ రప్పలే. చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నామనుకోరు, వినేవాళ్లు అనుమానించరు. కళ్లకు కనిపించిందే చెబుతున్నామన్న నిశ్చింత ఆ మాటలో ఉంటుంది. కానీ అది కళ్లు చెప్పిన మాట కాదు. ఏది ఉన్నట్టు లెక్క, ఏది లేనట్టు లెక్క అన్న తాత్విక నిర్ణయం ఆ మాట వెనక ఉంది. ఆ నిర్ణయం ఒక కాలంలో పుట్టింది, ఒక దారిన మన దాకా వచ్చింది, రెవెన్యూ దఫ్తరంలో దానికంటూ ఒక గడి కూడా ఉంది. సైబరాబాద్ చరిత్రను ఈ కోణం నుంచి చదివితే మన పర్యావరణ విద్య ఎక్కడ తడబడుతోందో తెలుస్తుంది. ప్రకృతిని ప్రేమించమని పిల్లలకు మనం చాలానే చెబుతున్నాం. ఒక నేలకు ‘ఖాళీ’ అన్న పేరు ఎలా పడుతుందో మాత్రం చెప్పడం లేదు.

ఏమీ లేదన్న చోట ఏముండేదో ఊళ్ల పేర్లే సాక్ష్యం చెబుతాయి. కొండాపూర్‌లో, మణికొండలో కొండ ఉంది. రాయదుర్గంలో దుర్గం ఉంది. గుట్టల బేగంపేటకు గుట్టలే ఇంటిపేరు. గచ్చిబౌలి అంటే గచ్చు చేసిన బావి. కొత్తగూడ, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, పుప్పాలగూడ అన్నీ మనుషులు కాపురమున్న గూడేలు. ఒక చోటికి పేరు పుట్టాలంటే జనానికి ఆ చోటుతో తరతరాలుగా పని పడి ఉండాలి. ఆ పనులన్నిటికీ ఆధారం రాయి. ఇక్కడి గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపలే పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు అరిగి, పైమట్టి కొట్టుకుపోయాక ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు బయటపడిన గుండ్లు ఇవి. చెట్టు మళ్లీ మొలుస్తుంది, వాగు మళ్లీ పారుతుంది, గుండు మాత్రం ఒకసారి పగిలితే మళ్లీ రాదు. ప్రకృతి తనను తాను నయం చేసుకుంటుందని పాఠ్యపుస్తకాలు ఇచ్చే భరోసా ఈ ఒక్క విషయంలో పనికిరాదు.

రాయి ఉన్నచోట నీళ్లుండవనుకోవడం పెద్ద పొరపాటు. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడే ఈ ప్రాంతంలో, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే కురుస్తుంది. బండ మీద పడిన చుక్క ఇంకదు, జారిపోతుంది. జారి గుట్ట పాదంలో మొరం పొరను, రాతి నెర్రెలను పట్టుకుని లోపలికి దిగుతుంది. గట్టి రాతి నేలలో భూగర్భజలం నిలిచేది ముఖ్యంగా ఆ మొరంలో, ఆ నెర్రెల్లోనే. మిగిలిన నీళ్లు కుంటకు చేరతాయి, కుంట నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు పోతాయి. తెలంగాణ గొలుసుకట్టు చెరువుల కిటుకంతా ఇదే: రాయి నీటిని తాను తాగకుండా కిందివాడికి అందిస్తుంది. మాదాపూర్, జూబ్లీహిల్స్ గుట్టల నడుమ దాగిన దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరందించిందని చరిత్రలో చెప్పుకుంటారు. ఆ చెరువు అక్కడ ఉండటానికి కారణం చుట్టూ ఉన్న ‘రాళ్లూ రప్పలే’. గుట్టను తొలిచి నాలుగంతస్తుల సెల్లారు తవ్వినప్పుడు పోయేది ఒక్క రాయి కాదు, ఆ మొరం పొర కూడా. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్లకు, ఆ రాయి చేసిన పనికి ఉన్న సంబంధాన్ని బడిలో ఏ పాఠమూ చెప్పదు.

నీళ్ల తర్వాత గడ్డి. ఈ ప్రాంతపు పేర్లలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ‘కంచ’. దున్నకుండా, పశువుల మేతకోసం కాపాడిన బీడును తెలంగాణలో కంచ అంటారు. కంచె అన్న మాటకు ఇది చుట్టం. అంటే ఆ నేల మనిషికి పట్టక మిగిలిపోయింది కాదు, మనిషి ఆలోచించి విడిచిపెట్టింది. ఎవరూ దున్నకూడదన్న కట్టుబాటు ఉన్నచోటు. అదే బీడులో, చెలకల గట్ల మీద పూసే తంగేడు, గునుగు లేకపోతే బతుకమ్మ లేదు. ఎవరూ విత్తు వేయని ఆ పూలను పేర్చి, తొమ్మిది రోజులు ఆడి, చెరువులో కలిపే పండుగ ఇది. ఆ పూలను అందుకునే చెరువు కట్ట మీద కట్టమైసమ్మ ఉంటుంది. కట్ట తెగితే ఊరు తెగుతుందన్న ఎరుకకు జనం ఇచ్చుకున్న రూపం ఆమె. గుట్ట, కుంట, బీడు, పూవు, దేవత ఒక వరుసలో ఉన్నాయి. వరుసలో ఏ ఒక్కటి తీసినా మిగతావి కదులుతాయి. తంగేడును తెలంగాణ తన రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. అది పూసే నేలను మాత్రం రికార్డుల్లో ఇంకా బంజరనే రాసుకుంటోంది.

ఇంత ఉన్నచోట ఏమీ లేదని ఎలా అనగలిగాం? జవాబు కోసం పహాణీ తెరవాలి. తెలంగాణ పహాణీలో ఒక సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం పక్కన ‘పోట్ ఖరాబు’ అన్న గడి ఉంటుంది. సాగుకు పనికిరాని భాగాన్ని అక్కడ రాసి, మొత్తంలోంచి తీసేస్తారు. బండ, గుట్ట, వాగు అందులోకి వెళ్తాయి. ఖరాబు అంటే చెడిపోయినది. 250 కోట్ల ఏళ్లుగా చెక్కుచెదరని రాయి శిస్తు లెక్కలో చెడిపోయిన నేల అయింది. సాలార్‌జంగ్ సంస్కరణల కాలంలో, 1870లలో, బొంబాయి పద్ధతిని అనుసరించి నిజాం రాజ్యంలో రెవెన్యూ సర్వే మొదలైంది. అంతకు ముందు కూడా రాజులు పన్ను కోసమే నేలను లెక్కపెట్టారు, అందులో సందేహం లేదు. కానీ ప్రతి చెక్కకూ నంబరు వేసి, శిస్తు ఇచ్చేదానిగా, ఇవ్వనిదానిగా శాశ్వతంగా విడదీసిన చూపు ఆ సర్వేలతో స్థిరపడింది. ఆ చూపుకు ఐరోపాలో ఒక తాత్విక పునాది ఉంది. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్, మనిషి శ్రమ కలిస్తేనే నేలకు విలువ, ఆస్తి హక్కు రెండూ పుడతాయన్నాడు. దున్నకుండా ప్రకృతికే వదిలేసిన నేలను ఆయన వృథా అన్న మాటతో పిలిచాడు. అమెరికాలో స్థానిక జాతుల వేటభూములు ఆ లెక్కన ఎవరివీ కాకుండా పోయాయి. లాక్ పేరు ఎన్నడూ వినని గుమాస్తాలు కూడా ఇక్కడ అదే కొలమానంతో గళ్లు నింపారు.

అలా నిండిన గళ్లు ఒక శతాబ్దం పాటు ఎవరికీ పెద్దగా నష్టం చేయలేదు. ఖరాబు అని రాసినా మేకలు అక్కడే మేశాయి, వడ్డెరలు అక్కడే రాయి కొట్టారు. చుట్టుపట్ల నేలలో ఎక్కువ భాగం నిజాం సొంత ఖజానాకు చెందిన సర్ఫ్-ఎ-ఖాస్‌లోనో, పైగా వంశపు ప్రభువుల జాగీర్లలోనో ఉండి, 1949 తర్వాత సర్కారు చేతికి వచ్చింది. సర్కారీ బంజరు విస్తారంగా ఉండటమే 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇటు రావడానికి వీలు కల్పించింది, ఆ తర్వాత ఐటీ రావడానికి కూడా. 1998 నవంబర్ 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2001లో మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల 52 చదరపు కిలోమీటర్లకు సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. శిస్తు రాదని ఖరాబులో రాసిన తరహా నేలకు పాతికేళ్లలో ఇంత ధర వచ్చిందంటే, చాలామందికి అది నేల విలువను చివరికి గుర్తించినట్టు అనిపిస్తుంది. నా దృష్టిలో రెండూ ఒకే చూపు. శిస్తు లెక్కలోనూ వేలం లెక్కలోనూ రాయి, నీరు, గడ్డి సున్నాయే. అప్పుడు సున్నా కాబట్టి ఎవరికీ పట్టలేదు, ఇప్పుడు సున్నా కాబట్టి చదును చేయడానికి అడ్డు లేదు.

ఇక్కడ మన భాషలో ప్రకృతిని పట్టుకున్న మాటల వైపు తిరగాలి, ఎందుకంటే విద్య మాటలతోనే నడుస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ప్రకృతి, వికృతి అన్న జంటను మొదట కలిసేది వ్యాకరణంలో. అటవి ప్రకృతి, అడవి వికృతి. వికృతి అంటే ఇక్కడ అందవిహీనం కాదు, మూలం నుంచి మారి వచ్చిన రూపం. సాంఖ్య దర్శనంలో కూడా ఈ జంటకు ఇదే అర్థం. మూలప్రకృతి నుంచి బుద్ధి, అహంకారం, మనస్సు, ఇంద్రియాలు, చివరికి పంచభూతాలు వరుసగా వికసిస్తాయి. ఆలోచించే బుద్ధి కూడా ప్రకృతిలోని భాగమే తప్ప బయట నిలబడి దాన్ని కొలిచేది కాదు. దీనికి భిన్నంగా, మనం వ్యవహారంలో పెట్టుకున్న ‘పర్యావరణం’ అన్న మాటలో చుట్టూ ఆవరించి ఉన్నది అన్న అర్థముంది. ప్రాథమిక తరగతుల ‘పరిసరాల విజ్ఞానం’ కూడా అంతే. చుట్టూ ఉన్నది అన్నామంటే మధ్యలో ఎవరో ఉన్నారు. ఆ మధ్యనున్నవాడు మనిషి. చుట్టూ ఉన్నదాన్ని శుభ్రంగా ఉంచుకోమని వాడికి చెప్పవచ్చు, వాడే దానిలోని వాడని చెప్పడం కష్టం. మాటలు మార్చాలని నేననడం లేదు. ఒక్కో మాట లోపల ఒక్కో తత్వం కూర్చుని ఉందని, పాఠం అక్కడినుంచే మొదలుపెట్టవచ్చని అంటున్నాను.

ఇంకొక మాట ఉంది, ఈ వ్యాసానికి అదే ఆయువుపట్టు. శూన్యం. కృష్ణాతీరపు నాగార్జునకొండ పేరుతోనే తెలుగునేల స్మరించుకునే బౌద్ధ దార్శనికుడు ఆచార్య నాగార్జునుడు, ఏ వస్తువుకూ తనంతట తానుగా నిలిచే స్వభావం లేదని వాదించాడు. ప్రతిదీ మరికొన్నిటిని ఆనుకుని పుడుతుంది, ఆనుకుని ఉంటుంది. ఆ ఆనుకుని ఉండటాన్నే ఆయన శూన్యత అన్నాడు. అంటే ఆయన శూన్యం సంబంధాలతో నిండినది. పహాణీలోని ఖాళీ అందుకు పూర్తిగా ఎదురు: సంబంధాలన్నీ తెంచి చూసినప్పుడు మిగిలేది ఆ ఖాళీ. గుండును చెరువుతో, చెరువును బీడుతో, బీడును పూలతో తెంచితే ‘ఏమీ లేదు’ అన్న వాక్యం నిజమవుతుంది. తెంచింది ప్రకృతి కాదు, మన లెక్క. నాగార్జునుడు చెరువుల గురించి ఏమైనా చెప్పాడని కాదు. దుఃఖ విముక్తి కోసం చేసిన తర్కాన్ని నేటి పర్యావరణశాస్త్రంగా చూపించడం ఆయనకు చేసే అన్యాయం. సాంఖ్యం సంగతీ అంతే, అక్కడ కూడా చివరి గమ్యం ప్రకృతి నుంచి పురుషుడు విడివడటమే. పాత దర్శనాల్లో రెడీమేడ్ పర్యావరణ సందేశం వెతకడం వ్యర్థమని నేనూ ఒప్పుకుంటాను. కానీ మన అలవాటైన చూపు ఒక్కటే చూపు కాదని తెలియాలంటే దాని పక్కన మరొకటి నిలబెట్టాలి. దర్శనాలు ఆ పనికి వస్తాయి.

ఇప్పుడు విద్య చరిత్ర. 1972లో స్టాక్‌హోమ్ సదస్సు, 1977లో తిబిలిసి సదస్సు పర్యావరణ విద్యను ప్రపంచం ముందు పెట్టాయి. మన దేశంలో దానికి చట్టబలం వచ్చింది ఎం.సి. మెహతా కేసులో. బడి నుంచి విశ్వవిద్యాలయం దాకా పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చేయాలని, సినిమా హాళ్లలో పర్యావరణ స్లైడ్లు వేయాలని సుప్రీంకోర్టు చెప్పిన ఆ తీర్పు తేదీ 1991 నవంబర్ 22. సైబర్ టవర్స్ తెరుచుకోవడానికి సరిగ్గా ఏడేళ్ల ముందు. తేదీలు కలవడం యాదృచ్ఛికమే. రెండూ ఒకే తరం మీద పనిచేశాయన్నది యాదృచ్ఛికం కాదు. కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాక 2003 ప్రాంతంలో యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల కోర్సు పెట్టింది. ఎనిమిది యూనిట్లు, 50 తరగతులు. వనరులు, జీవావరణ వ్యవస్థలు, జీవవైవిధ్యం, కాలుష్యం, సామాజిక సమస్యలు, జనాభా. చివరి యూనిట్ క్షేత్ర పరిశీలన, దానికి కేటాయించింది 5 తరగతుల సమయం. దగ్గరలోని నది, అడవి, గడ్డినేల, కొండ ఏదైనా వెళ్లి చూసి నమోదు చేయాలన్నది అందులోని సూచన. కోర్సు మొత్తంలో నాకు ప్రాణమున్నదిగా కనిపించేది ఆ చివరి యూనిటే. మిగతా 45 తరగతుల్లో ప్రకృతి ఎక్కడిదీ కాదు, ఏ ఊరిదీ కాదు. ఓజోన్ పొర ఉంటుంది, ఆమ్లవర్షం ఉంటుంది, కాలేజీ గోడ అవతలి కుంట ఉండదు. గచ్చిబౌలి ప్రాంతంలోనే 1992 నుంచి పర్యావరణ శిక్షణ, పరిశోధనల కోసం ఈపీటీఆర్ఐ ఉంది. 2012 అక్టోబర్‌లో జీవవైవిధ్య ఒప్పందపు 11వ ప్రపంచ సదస్సు మాదాపూర్ అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో జరిగింది, ఆ గుర్తుగా పార్కు వెలిసింది, కూడలికి బయోడైవర్సిటీ అన్న పేరు నిలిచింది. సంస్థలకు, సదస్సులకు, తప్పనిసరి పాఠాలకు ఇక్కడ లోటు లేదు. అయినా ఈ నేల మీద ఏమి ఉండేదో పక్క బడి పిల్లవాడికి తెలియదు.

ఒక గట్టి ఆక్షేపణ ఉంది. బండలను పగలగొట్టింది తత్వం కాదు, ధర. చూపు మారితే ధర ఆగుతుందా? పైగా దేవతలను నమ్మిన పూర్వులు కూడా గ్రానైటును తొలిచే కోటలు, గుళ్లు కట్టారు కదా. ఈ ఆక్షేపణలో నిజముంది. భక్తి రాయిని కాపాడలేదు, గోల్కొండ కూడా కొండను తొలిచి కట్టిందే. కానీ ధర ఎప్పుడూ ఒంటరిగా రాదు. వేలానికి పెట్టాలంటే ముందు ఆ నేల ఒక వర్గంలోకి రావాలి. శికం భూమి అంటే చెరువు నీళ్లు నిలిచే చోటని రికార్డు చెబుతున్నంత కాలం దాన్ని అమ్మడం కష్టం, అందుకే ముందు రికార్డును మసకబార్చే ప్రయత్నం జరుగుతుంది. ధర కత్తి అయితే వర్గం దాన్ని పట్టుకునే పిడి.

ఆ పిడి ఎంత బలమైనదో రాళ్ల రక్షణ కోసం జరిగిన పోరాటమే చూపిస్తుంది. 1996లో ఏర్పడిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఈ గుండ్ల కోసం పట్టుదలగా పనిచేసింది. నగరాభివృద్ధి నిబంధనల్లోని వారసత్వ జాబితాలో తొమ్మిది శిలా సముదాయాలకు చోటు దొరికింది. శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు, విశ్వవిద్యాలయ ఆవరణలోని పుట్టగొడుగు రాయి, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు అందులో కొన్ని. ఇది చిన్న విజయం కాదు, ఆ పని చేసినవాళ్లకు ఈ నగరం రుణపడి ఉంది. అయినా ఆ జాబితా పుట్టింది పాత భవనాల కోసం. రాయి అందులోకి ప్రవేశించాలంటే చాలావరకు కట్టడంలాగా విడిగా నిలబడాలి, ఏదో ఒక జంతువునో వస్తువునో పోలి ఉండాలి. పోలిక లేని వందలాది గుట్టలకు, నీళ్లను కిందికి పంపే మామూలు బండకు, ఆ తలుపు తెరుచుకోలేదు. 2015లో ఆ నిబంధనే రద్దయింది. చట్టానికి రాయిని రాయిగా చూసే కన్ను లేదు. ఆ కన్ను లేని సమాజం నుంచే చట్టం వచ్చింది.

గండిపేట అనే ఉస్మాన్‌సాగర్ సంగతి దీనికి మరో పార్శ్వం. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర పరిశ్రమలను నియంత్రిస్తూ 1996లో 111 జీవో వచ్చింది. ఆ పరిధిలో ఒక నూనె కర్మాగారం మీద నడిచిన కేసులో, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా పేరుపడిన 1999 తీర్పులో, సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని విశదీకరించింది. హాని జరుగుతుందని నీరు తాగేవాడు నిరూపించనక్కర్లేదు, జరగదని కట్టేవాడే నిరూపించాలి. ప్రకృతి గురించి మనకు తెలిసింది ఎప్పుడూ కొంతే అన్న వినయాన్ని న్యాయసూత్రంగా మలచిన తీర్పు అది. దేశమంతటా న్యాయ విద్యార్థులు చదివే ఆ సూత్రానికి సందర్భం ఐటీ కారిడార్ పక్కనున్న మన చెరువు. 2022లో ఆ జీవో ఆంక్షలను ఎత్తివేసేటప్పుడు చూపిన కారణం, నగరం ఇప్పుడు ఆ నీళ్ల మీద పెద్దగా ఆధారపడటం లేదన్నది. మనం తాగకపోతే చెరువుకు పని లేనట్టే అన్న తర్కం, దున్నకపోతే నేల వృథా అన్న తర్కానికి తోబుట్టువు.

రెండో ఆక్షేపణ బతుకుదెరువుది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2022-23 నాటికి తెలంగాణ ఐటీ రంగంలో 9 లక్షలకు పైగా ఉద్యోగాలున్నాయని ప్రభుత్వ లెక్క. వాటిలో చాలా భాగం ఈ కారిడార్‌లోనే. ఎన్నో రైతు కుటుంబాల, కూలీ కుటుంబాల పిల్లలు ఇక్కడే మొదటిసారి నెల జీతం అందుకున్నారు. వాళ్లకు మేకల మేత గురించి పాఠం చెప్పడం న్యాయమా? న్యాయమే అంటాను, ఎందుకంటే కట్టాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. రాయి ఏ పని చేస్తుందో, వాగు ఏ దారిన పోతుందో పటం మీద ఉంచుకుని కట్టిన నగరం వేరు, పటం మీద ఖాళీ అని రాసుకుని కట్టిన నగరం వేరు. 2020 అక్టోబర్‌లో కురిసిన కుండపోతకు నీళ్లు తమ పాత దారుల్లోనే పారాయి, ఆ దారుల్లో ఇప్పుడు ఇళ్లున్నాయి. ఖాళీ అన్న మాటకు మూల్యం కట్టినవాళ్లలో ఆ ఉద్యోగులూ ఉన్నారు.

మూడోది నాకు అన్నిటికంటే బరువైన ఆక్షేపణ. పాత ఊరిని మరీ అందంగా చూపిస్తున్నామేమో. కంచలో ఎవరి పశువులు మేయాలో, చెరువు నీళ్లు ఎవరి మడికి ముందు పారాలో కులమే తేల్చింది. తూము తెరిచి వంతులవారీగా నీళ్లు వదిలే నీరటి చాలా ఊళ్లలో దళిత కుటుంబం వాడు, తడిసే పొలం మాత్రం అతనిది కాదు. గుట్టలను తన ఉలితో, సమ్మెటతో చదివిన వడ్డెరకు రాతి పొర ఎటు చీలుతుందో ఏ ఇంజనీరుకూ తీసిపోకుండా తెలుసు, ఆ జ్ఞానానికి ఊరు ఇచ్చిన గౌరవం కూలి మాత్రమే. 1989లో చరిత్రకారుడు రామచంద్ర గుహ అమెరికా పర్యావరణవాదుల మీద చేసిన విమర్శ ఇక్కడ పనికొస్తుంది: మనిషి లేని అడవే అసలు ప్రకృతి అన్న ఊహ, అడవినీ బీడునూ ఆనుకుని బతికే పేదను గెంటేస్తుంది. కాబట్టి పిల్లలకు చెప్పాల్సింది స్వర్ణయుగం కథ కాదు. కంచ అన్న మాట చెబితే అందులోకి రానివ్వనిది ఎవరినో కూడా చెప్పాలి. చెరువు గొలుసును చూపిస్తే దాన్ని నడిపిన చేతుల పేర్లూ చెప్పాలి. పాత సంబంధాలను ఉన్నవి ఉన్నట్టు చూపడమే వాటిని ఖాళీ అనకుండా ఉండటం.

తెలుగునేల మీదే దీనికి కొంత దారి వేసిన బడి ఒకటుంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1926లో ఎంచుకున్న లోయలో రిషి వ్యాలీ పాఠశాల వెలిసింది. కరువు సీమలోని బోడి గుట్టలను అక్కడివాళ్లు దశాబ్దాలుగా పచ్చబరిచారు, 1991లో ఆ లోయ పక్షుల రక్షిత ప్రదేశమయింది. మాట అడ్డు లేకుండా చెట్టును చూడమన్నది కృష్ణమూర్తి బోధలోని సారం. పేరు పెట్టగానే చూడటం ఆగిపోతుందని ఆయన ఆందోళన. ఖాళీ, బంజరు, ఖరాబు అన్న పేర్ల విషయంలో ఆయన మాట అక్షరాలా నిజమని సైబరాబాద్ చూపించింది. అయితే కొన్ని పేర్లు కన్ను మూస్తే కొన్ని తెరుస్తాయి. మత్తడి, శికం, మొరం, కంచ తెరిచే పేర్లు. ఈ మాటలు తెలిసిన పిల్లవాడు రోడ్డు పక్క పల్లం చూసి నీళ్లు ఎటు పోవాలో అడుగుతాడు. డిగ్రీ కోర్సులోని ఆ 5 తరగతుల క్షేత్ర పరిశీలనకు కావలసిన సరంజామా ఏమంత పెద్దది కాదు: కాలేజీ ఉన్న సర్వే నంబరు, పాత గ్రామ నక్ష, పహాణీ, పాత టోపోషీటు, ఊళ్లో పాత తరం వాళ్లతో ఒక మధ్యాహ్నం. తమ తరగతి గది కింద ఏమున్నదో విద్యార్థులే తేలుస్తారు.

ఇలాంటి విద్య లేనిచోట ఏమవుతుందో, ఉంటే ఏమి సాధ్యమో రెండూ 2025లో విశ్వవిద్యాలయం పక్కనే కనిపించాయి. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలను 2003-04లో అప్పటి ప్రభుత్వం ఒక క్రీడా సంస్థకు కేటాయించింది. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచి 2024లో భూమి ప్రభుత్వానిదేనని తేలింది. హక్కు సంగతి అలా తేలాక 2025 మార్చి చివర్లో యంత్రాలు దిగాయి. నెమళ్లు, జింకలు, నక్షత్ర తాబేళ్లు తిరిగే చోటని విద్యార్థులు అడ్డుపడ్డారు. ఆ భూమి రికార్డుల్లో ఎక్కడా అడవిగా లేదని ప్రభుత్వం వాదించింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి పనులు ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి. రికార్డులో పేరు లేకపోతే అడవి కాదా అన్న ప్రశ్నకు 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో అదే కోర్టు ఒక జవాబు చెప్పి ఉంది: ఆ భూమి ఎవరిదైనా సరే, నిఘంటువు ప్రకారం అడవి అనదగినదంతా అడవే. నిఘంటువులో ఉన్న అర్థం గొప్పదా, దఫ్తరంలో ఉన్న గడి గొప్పదా అన్న తగాదా ఇది. పరిష్కారమయ్యేలోగా కోర్టు ఆ కేసుకు తన రిజిస్టరులో పెట్టుకున్న పేరులో రెండు మాటలు ఒక్కచోట చేరాయి. ఒకటి మేతకోసం ఊరు విడిచిన నేలకు ఊరే పెట్టుకున్న ‘కంచ’. రెండోది, వాదనలో ఇంకా తేలవలసిన ‘ఫారెస్ట్’.